దయ్యాలు, గుమ్మడికాయలు, ఒక కొక్కెపు సూది

(మూడవ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి, అడ్డతీగల)

హాస్టల్లో నా గది కిటికీకి ఒక చిన్న గుమ్మడికాయ వ్రేలాడుతూ ఉంటుంది. నారింజ రంగు ఉన్నితో అల్లినది. దాని ప్రక్కన తెల్లటి దయ్యం ఒకటి, గంజి పెట్టిన సాలెగూడు ఒకటి. క్రొత్తగా గదికి వచ్చిన ప్రతివాడూ రెండే ప్రశ్నలు అడుగుతాడు. "ఎవరిచ్చార్రా?" అన్నది మొదటిది. నేనే అల్లానని చెప్పగానే రెండవది వస్తుంది: "ఇది ఆడవాళ్ల పని కదా?" మొదటి ప్రశ్న వెనుక ఉన్న ఆశ నాకు అర్థమవుతుంది గాని, రెండవ దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేక ఈ వ్యాసం వ్రాస్తున్నాను. సంచిక కమిటీ వారు "సైన్సు విద్యార్థివి, సైన్సు మీద ఏదైనా వ్రాయి" అన్నారు. ఇదీ సైన్సే. నమ్మకం కుదరనివారు కొంచెం ఓపిక పట్టాలి.

ముందుగా ఈ దయ్యాల పండుగ సంగతి. హాలోవీన్ అనేది అక్టోబరు 31 రాత్రి జరుపుకొనే పండుగ. నవంబరు 1 క్రైస్తవులకు సకల పరిశుద్ధుల దినం. దాని ముందు రాత్రి గనుక ఆ పేరు వచ్చింది. కాని ఐర్లండులో అంతకు ముందునుంచే, పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే ఆ వేళకు చనిపోయినవారు తిరిగి వస్తారన్న నమ్మకం ఉండేది. మనం మహాలయ అమావాస్యకు పెద్దలను తలుచుకొని అన్నం పెడతాం. వాళ్లు టర్నిప్ దుంపను తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవారు. 1845లో ఐర్లండులో బంగాళదుంపకు తెగులు పట్టుకొని ఘోరమైన కరువు వచ్చింది. లక్షలాది మంది ఓడలెక్కి అమెరికా పోయారు. పండుగ కూడా వాళ్లతో పాటే పోయింది. అక్కడ దుంపకు బదులు గుమ్మడికాయ దొరికింది. తొలవడానికి సుళువు, దీపానికి బోలెడంత చోటు.

అదే కరువులో ఐర్లండు కాన్వెంట్లలో సన్యాసినులు పేద స్త్రీలకు క్రోషే అల్లిక నేర్పించి, ఆ లేసు అమ్మి వాళ్ల పొయ్యిలో పిల్లి లేచేటట్టు చేశారు. క్రోషే అంటే ఫ్రెంచి భాషలో చిన్న కొక్కెం. పండుగ గుమ్మడికాయ, కొక్కెపు సూది రెండింటికీ ఆకలితోనే చుట్టరికం కలిసింది.

గుమ్మడి విషయంలో ఒక చిన్న చమత్కారం ఉంది. మా ఊళ్లో ఇంటి కప్పుల మీదికి ప్రాకే తియ్య గుమ్మడి నిజానికి అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క. మనం దిష్టికి గుమ్మం ముందు కట్టే బూడిద గుమ్మడి మాత్రం ఆసియాదే. అంటే కూరలో పరాయి కాయ తింటాం, గుమ్మానికి మన కాయ కడతాం. మా నాయనమ్మకు నా ఉన్ని గుమ్మడికాయ చూపించి, దయ్యాల పండుగకు అమెరికావాళ్లు ఇంటి ముందు పెట్టుకుంటారని చెప్పాను. "మరి దిష్టికేగా" అని ఒక్క మాట అని, దానిని తీసికెళ్లి అసలు గుమ్మడికాయ ప్రక్కనే చూరుకు కట్టేసింది. వానాకాలం రెండు తడుపులకు రంగు వెలిసిపోయినా ఇప్పటికీ అక్కడే ఉంది.

అడ్డతీగల కుర్రవాడికి ఈ సూది ఎట్లా దొరికిందని అడుగుతారు. మా వైపు ఆడవాళ్ల చేతిపని వేరు. అడవిలోంచి అడ్డాకులు తెచ్చి, ఈనెపుల్లలతో విస్తళ్లు కుడతారు. నాయనమ్మ కూడా కుట్టేది. మా మేనత్తను మాత్రం నరసాపురం దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. అక్కడ ఆవిడ అత్తగారి చేతిలో కొక్కెపు సూది ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు ఈ అల్లిక నేర్పించారు. మొదట క్రొత్తగా క్రైస్తవంలో చేరిన పేద కుటుంబాలు నేర్చుకున్నాయి. తరువాత అగ్నికుల క్షత్రియ స్త్రీలు, గడప దాటని కాపుల ఇళ్లవారు కూడా అందుకున్నారు. ఆ లేసు ఇంగ్లండుకూ, ఐరోపాకూ, అమెరికాకూ వెళ్లింది. ఈనాటికీ వెళ్తూనే ఉంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మొన్నటి కాదు, అటు మొన్నటి వేసవి సెలవులకు అత్త ఇంటికి వెళ్లాను. మే నెల ఎండలో, ఉక్కపోతలో, అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని దయ్యాలను అల్లుతున్నారు. అక్టోబరులో అమెరికా అంగళ్లలో ఉండాల్సిన సరుకు ఎండాకాలంలోనే ఇక్కడ తయారు కావాలి. తెల్లదారానికి చెమట అంటితే మరక పడుతుందని పౌడరు డబ్బా, పొడిగుడ్డ ప్రక్కన పెట్టుకున్నారు. నాకేమీ తోచక సూది పట్టాను. "అట్టా కలంలా పట్టుకుంటే చెయ్యి నొప్పెడుద్ది అబ్బాయ్, చాకులా పట్టుకో" అని అత్త నేర్పించింది.

ఇక పనిలోకి వద్దాం. కావలసినవి: నాలుగు మిల్లీమీటర్ల కొక్కెపు సూది, రంగు ఉన్ని, కత్తెర, పెద్ద బెజ్జం ఉన్న కుట్టుసూది. లేసుకు వాడే సన్న ఉక్కు సూదితో మొదలుపెట్టకండి, కళ్లు పోతాయి. ముందు దారానికి జారుముడి వేసి సూదికి ఎక్కించండి. దారం సూదికి చుట్టి, ఆ ఉచ్చులోంచి లాగితే ఒక గొలుసు కన్ను. ఇలా ఎన్ని లాగితే అంత గొలుసు. ఆ తరువాత రెండే కుట్లు నేర్చుకుంటే చాలు. వాటికి నేను పెట్టుకున్న పేర్లు పొట్టి కుట్టు, పొడుగు కుట్టు. అసలు పేర్లు ఎందుకు చెప్పడం లేదో తరువాత తెలుస్తుంది.

పొట్టి కుట్టు: సూదిని క్రింది వరుస కన్నులో గుచ్చి, దారం లాగండి. సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్లీ దారం చుట్టి రెండింటిలోంచి ఒకేసారి లాగేయండి. పొడుగు కుట్టు: గుచ్చేముందే దారాన్ని సూదికి ఒక చుట్టు చుట్టాలి. గుచ్చి లాగితే మూడు ఉచ్చులు వస్తాయి. దారం చుట్టి రెండింటిలోంచి, మళ్లీ చుట్టి మిగిలిన రెండింటిలోంచి లాగాలి. పొట్టి కుట్టు ఎత్తు రమారమి ఒక గొలుసు కన్ను. పొడుగు కుట్టు ఎత్తు మూడు కన్నులు. ఈ లెక్క గుర్తుంచుకోండి, దీనితోనే నా కొంప మునిగింది.

గుమ్మడికాయ అన్నిటికన్నా సులువు. 26 కన్నుల గొలుసు వేసి, మొదటి కన్ను వదిలి, తక్కిన 25లో పొట్టి కుట్లు వేయండి. చివర ఒక కన్ను వేసి తిరగండి. రెండవ వరుస నుంచి ప్రతి కుట్టులోనూ పైన కనిపించే రెండు పోగులలో వెనుక పోగును మాత్రమే పట్టుకోవాలి. అప్పుడు వరుస వరుసకూ ఒక గట్టు లేస్తుంది, అదే గుమ్మడి చార. 36 వరుసలయ్యాక మొదటి వరుసనూ చివరి వరుసనూ కలిపి కుడితే గొట్టం అవుతుంది. ఒక ప్రక్క అంచంతా దారం దూర్చి సంచిమూతిలా బిగించండి. లోపల దూది కూరండి. నేను మా చేను గట్టున ఉన్న బూరుగుచెట్టు దూది వాడాను, బరువు లేకుండా బాగా ఉబ్బుతుంది. రెండవ మూతి కూడా బిగించి, అదే దారాన్ని పైనుంచి క్రిందికి నడిమధ్యగా గుచ్చి గట్టిగా లాగితే కాయ నొక్కుకొని అసలు ఆకారం వస్తుంది. తొడిమకు గోధుమరంగు ఉన్ని అల్లమంటారు గాని, ఎండిన నిజం తొడిమ దొరికే ఊళ్లో పుట్టినవాడికి ఆ శ్రమ దేనికి?

దయ్యంలో కొంచెం లెక్క వస్తుంది. దీనిని చుట్టుచుట్టుగా అల్లాలి. రెండు కన్నులు వేసి, మొదటి కన్నులోనే ఆరు పొట్టి కుట్లు వేయండి. రెండవ చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే 12. మూడవ చుట్టులో ఒకటి విడిచి ఒకదానిలో రెండేసి వేస్తే 18. ప్రతి చుట్టుకూ ఆరే ఎందుకు పెరగాలి? వృత్తం వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరిగితే చుట్టుకొలత రెండు పైల మేరకు, అనగా 6.28 కుట్ల మేరకు పెరగాలి. కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం గనుక ఆరు. అత్త కూడా ఆరే పెంచుతుంది. ఆవిడకు పై సంగతి తెలియదు. "ఆరైతే నేల మీద కూర్చుంటది, ఐదైతే గిన్నె అవుద్ది, ఎనిమిదైతే కుచ్చిళ్లు పడతది" అంటుంది. ఇంత పొందికగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పగా నేను చదవలేదు.

18 అయ్యాక పెంచడం ఆపి, అదే 18తో ఎనిమిది చుట్లు అల్లితే టోపీలాగా క్రిందికి దిగుతుంది. అదే దయ్యం తల, మొండెం. చివరి రెండు చుట్లలో ప్రతి కుట్టునూ రెండు చేయండి, 36, 72. పట్టనన్ని కుట్లు పడి అంచు అలలు అలలుగా ముడుచుకుంటుంది. దయ్యం పావడా సిద్ధం. కళ్లకు నల్లదారంతో రెండు ముడులు వేస్తే సరి. నాయనమ్మ గురివింద గింజలు కుట్టమంది. ఎర్రటి కన్ను, నల్లటి గుడ్డు, నిజంగా దయ్యంలాగే ఉంటుంది. కాని గురివింద గింజలో అబ్రిన్ అనే భయంకరమైన విషం ఉంది. పసిపిల్లలున్న ఇంట్లో అటువంటి పని చేయకూడదు.

ఇక సాలెగూడు. ఇక్కడే నా ప్రతాపం చూపించాను.

గుమ్మడికాయలకూ, దయ్యాలకూ ఏజెంటు మాదిరి వస్తువులు ఇచ్చిపోయాడు. సాలెగూడుకు మాత్రం ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చాడు, బొమ్మ అతని ఫోనులోనే ఉండిపోయింది. అరుగు మీద ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. గొలుసుతో చిన్న ఉంగరం చేసి, అందులోంచి ఎనిమిది డబుల్ క్రోషే కుట్లు సమదూరంలో లేపాలి, వాటి మధ్య రెండేసి గొలుసు కన్నులు. రెండవ చుట్టులో డబుల్ మీద డబుల్, మధ్య నాలుగు కన్నులు. తరువాత ఆరు, ఆపైన ఎనిమిది. గడగడా చదివేశాను. అత్త తన అత్తగారి నుంచి సంక్రమించిన ఇంగ్లండు పుస్తకం చూసి నేర్చుకున్న మనిషి. ఆ పుస్తకంలో డబుల్ అంటే పొట్టి కుట్టు. ఆవిడ పొట్టి కుట్టే వేసింది.

మొదటి గూడు పూర్తి కాగానే దానిని నేల మీద పరిచి చూసింది. "ఇది కూర్చోట్లేదురా. ఎక్కడో తేడా ఉంది. ఇంకోసారి చూడు" అంది. చూశాను. కాగితంలో డబుల్ అనే ఉంది. "కాగితంలో ఉన్నట్టే చేశావత్తా. గంజి పెట్టి మేకులు కొట్టి ఆరబెడితే అదే సర్దుకుంటుంది" అన్నాను. ఏజెంటుకు ఫోను చేస్తే ఎత్తలేదు. గడువు నాలుగు రోజులే ఉంది. "సరే, చదువుకున్నోడివి, నువ్వు చెప్పాక ఇంకేముంది" అని, ముగ్గురూ కలిసి 24 గూళ్లు అల్లేశారు.

గంజి పెట్టాం. అవి సర్దుకోలేదు సరికదా, ఆ ముడతలతోనే అప్పడాల్లాగ బిగుసుకుపోయాయి. సాలెగూళ్లు కావు, కోడిజుట్టు పువ్వులు. ఏజెంటు వచ్చి ఒక్కటి పైకెత్తి చూసి క్రింద పెట్టేశాడు. కూలి లేదు. దారం మాత్రం అతనికి తిరిగి చెల్లించాలి.

అసలు సంగతి ఆ రాత్రి తెలిసింది. అమెరికావారి డబుల్ వేరు, ఇంగ్లండువారి డబుల్ వేరు. అమెరికావారు సింగిల్ అనేదాన్ని ఇంగ్లండువారు డబుల్ అంటారు. అమెరికా డబుల్ ఇంగ్లండులో ట్రెబుల్. కుట్టు ఒకటే, పేరు ఒక మెట్టు జరిగింది. కాగితం అమెరికాది, అత్త పుస్తకం ఇంగ్లండుది. మధ్యలో దుబాసీ నేను.

లెక్క వేస్తే తప్పు ఎంత పెద్దదో కనిపిస్తుంది. పొడుగు కుట్టయితే నాలుగు చుట్లకు వ్యాసార్థం రమారమి 12 కన్నులు, చుట్టుకొలత 75 కన్నులు కావాలి. నాలుగవ చుట్టులో ఎనిమిది భాగాలు, ఒక్కో దానిలో ఎనిమిది కన్నులూ, ఒక కుట్టూ, మొత్తం 72. చక్కగా సరిపోతుంది. పొట్టి కుట్టయితే వ్యాసార్థం నాలుగు కన్నులే, చుట్టుకొలత 25 చాలు. మనం ఇచ్చింది 72. మూడింతలు! ఆ మిగులు ఎక్కడికి పోతుంది? పైకీ క్రిందికీ మడతలు పడుతుంది. పది నిమిషాల లెక్క. అత్త నేల మీద పరిచినప్పుడే వేసి ఉంటే మూడు రోజుల కష్టం మిగిలేది.

ఈ ముడతల గూడును కాలేజీకి తెచ్చి మా లెక్కల మేష్టారికి చూపించాను. ఆయన నవ్వలేదు. చేతిలోకి తీసుకొని అటూ ఇటూ త్రిప్పి, "ఇది హైపర్బోలిక్ తలం కదయ్యా" అన్నారు. బంతి ఉపరితలానికి ధన వక్రత ఉంటుంది, బల్లకు సున్న, దీనికి ఋణ వక్రత. దీని మీద ఒక బిందువు గుండా ఒక సరళరేఖకు ఎన్ని సమాంతర రేఖలైనా గీయవచ్చు. యూక్లిడ్ సూత్రం ఇక్కడ పనిచేయదు. ఈ తలం నమూనాను కాగితంతో చేస్తే చిరిగిపోతూ ఉండేది. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే లాత్వియా దేశపు గణితవేత్త, కుట్లను ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే ఈ తలం వస్తుందని గ్రహించి క్రోషేతో అల్లి చూపించింది. దాని మీద 2009లో ఒక పుస్తకం కూడా వ్రాసింది. సముద్రంలో పగడపు దిబ్బలు, లెట్యూస్ ఆకులు, మన కోడిజుట్టు పువ్వు, అన్నీ ఈ కుటుంబమే. మా అత్త దీనిని కుచ్చిళ్లు అంటుంది. పాసు చేయాల్సిన వస్తువైతే తప్ప ఆవిడకు దానితో పేచీ లేదు.

తప్పు గూళ్లను ఏం చేశామంటారా? విప్పేశాం. ఈ అల్లికలో ఎప్పుడూ ఒక్క ఉచ్చే ప్రాణంతో ఉంటుంది, తక్కినవన్నీ ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. చివరి ముడి విప్పి దారం లాగితే గూడంతా గబగబా ఊడి వచ్చేస్తుంది. ముందు వేడినీళ్లలో నానబెట్టి గంజి కరిగించాం. విప్పిన దారాన్ని నేను కుర్చీ వెన్నుకు చుట్టి, తడిపి, వంకరలు పోయేదాకా బరువు కట్టి వేలాడదీశాను. ఒక్క గూడు మాత్రం దాచుకున్నాను, మేష్టారికి చూపించింది అదే. 23 గూళ్ల దారం విప్పడానికి ఒక పూట పట్టింది. అల్లడానికి గూడుకు అరగంట చొప్పున పన్నెండు గంటలు.

ఆ అరగంటకు వాళ్లకు ముట్టేది 12 రూపాయలు. వంటా వార్పూ, గేదెల పని అయ్యాక దొరికే వేళలో కాక, ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటే 192 రూపాయలు. మా వైపు జీడిపిక్కలు ఏరే కూలి కూడా ఇంతకన్నా మెరుగు. దీనిని ఎవరూ కూలి అనరు, తీరిక వేళ చేతిపని అంటారు. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివరలో నరసాపురం వచ్చి ఈ స్త్రీల మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఇంట్లో ఉండే గృహిణులు కాలక్షేపానికి చేసే పని అన్న ఆ పేరే కూలిని తగ్గించి ఉంచుతున్నదనీ, రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లినా వ్యవసాయ కూలి స్త్రీలకు రావలసిన దానికన్నా తక్కువే చేతికి వస్తున్నదనీ, వ్యాపారం మాత్రం మగవారి చేతిలో ఉందనీ ఆమె చూపించింది. నా స్నేహితులు అడిగే ఆ రెండవ ప్రశ్న వినగానే నాకు ఈ పుస్తకం గుర్తుకొస్తుంది. ఆడవాళ్ల పనే. ఎన్ని గంటల పని అన్నది మాత్రం ఎవరూ అడగరు.

ఇంకొక సంగతి. స్వెట్టర్లు అల్లే యంత్రాలున్నాయి, గుడ్డ నేసే యంత్రాలున్నాయి. క్రోషే కుట్టు మాత్రం ఏ కన్నులో కావాలంటే ఆ కన్నులో సూది గుచ్చి, ఒక్కొక్కటీ ముగించుకుంటూ పోవాల్సినది. దీనిని అంగట్లో అమ్మేంతగా చేసే యంత్రం రాలేదు. కాబట్టి ఏ దేశపు బజారులోనైనా సిసలైన క్రోషే గుమ్మడికాయ కనిపిస్తే, దానిని ఎవరో ఒకరు చేత్తోనే అల్లారన్నమాట.

సాలెగూడు సరిగ్గా అల్లదలచినవారు పై లెక్కనే పొడుగు కుట్టుతో అల్లండి. గంజికి మన మెస్సు అన్నం వార్చిన గంజి బ్రహ్మాండంగా పనికివస్తుంది. అంత చిక్కగా మరెక్కడా దొరకదు. తడిగూడును అట్టముక్క మీద పరిచి, ఎనిమిది కొసలనూ గుండుసూదులతో లాగి గుచ్చి, ఎండలో పెట్టండి. నీళ్లు ఆరాక పిండిపదార్థం పోగుల మధ్య పొరగా గట్టిపడి, గూడు వంగకుండా నిలుస్తుంది. సూది కావలసినవారు నా దగ్గర తీసుకోవచ్చు, దారం మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి.

మొన్న దసరా సెలవులకు అత్త దగ్గరకు వెళ్లాను. క్రొత్త కాగితం ఒకటి వచ్చి ఉంది, ఈసారి గబ్బిలాలు. చదవమంటుందేమో, ఈసారి జాగ్రత్తగా చదవాలని చేయి చాచాను. ఇవ్వలేదు. "ముందు ఇది ఏ ఊరి డబులో కనుక్కో" అంది. కాగితం మీద అప్పటికే ఏజెంటును నిలబెట్టి అడిగి, ప్రతి డబుల్ మాట ప్రక్కనా పెన్సిలుతో ఒక నిలువు గీత గీసి పెట్టుకుంది. పొట్టి కుట్టుకు పొట్టి గీత, పొడుగు కుట్టుకు పొడుగు గీత.